కంచె వేసింది తప్పా, డాక్టరు గారూ?

సందేహాలు - సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే దిగులు. మళ్లీ కరోనా లాంటిది వస్తే ఈ కొండల్లో మా గతేమిటని. రంపచోడవరం, ఆ చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చినవాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఊరు చాలు.

* * *

ఫోను తెరిస్తే చాలు, ‘మరో వైరస్ వచ్చేసింది’ అంటూ వీడియోలు. మేం బొంగులో చికెన్ అమ్ముకుని బతుకుతాం. శని, ఆదివారాలు వస్తే ఎక్కడెక్కడి నుంచో కార్లు దిగుతాయి. వాళ్లలో ఎవరు దగ్గినా నాకు గుండె దడ. మళ్లీ అన్నీ మూసేస్తారా?
— ఒక గృహిణి, మారేడుమిల్లి

ముందు కాస్త కుదుటపడండమ్మా. దగ్గే ప్రతి మనిషీ మహమ్మారిని మోసుకురాడు. 2025 జనవరిలో టీవీలన్నీ హడలగొట్టిన హెచ్ఎంపీవీని 2001లోనే నెదర్లాండ్స్‌లో కనిపెట్టారు. చలికాలంలో పిల్లల ముక్కులు కారడానికి ఉన్న కారణాల్లో అదొకటి, అంతే. మన ఒళ్లు ఇంతకుముందు ఎరగని క్రిమి పుట్టాలి, అది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకాలి, ఆపాల్సినవాళ్లు ఆలస్యంగా మేలుకోవాలి. ఈ మూడూ కలిసినప్పుడే జబ్బు మహమ్మారి అవుతుంది. అందుకే ఫోనును వదిలేసి మీ ఏఎన్ఎంను గమనించండి. ఆవిడ గడపగడపకూ తిరిగి జ్వరాలు రాసుకోవడం మొదలుపెట్టిన రోజున నాకు మళ్లీ ఉత్తరం రాయండి. మీ పొయ్యి ఆరుబయటే కదా, గాలి బాగా ఆడేచోట ఇలాంటి రోగాలు అంత తొందరగా అంటుకోవు.

* * *

2020లో లాక్‌డౌన్ అనగానే మా ఊరి దారికి అడ్డంగా వెదుళ్లు కట్టేశాం. బయటివాళ్లను రానివ్వలేదు, మావాళ్లను సంతకు పోనివ్వలేదు. ఇప్పుడు చదువుకున్న కుర్రాళ్లు అది మూఢత్వం, సాటి మనిషిని వెలివేయడం అంటున్నారు. కంచె వేయమన్నది నేనే. తప్పు చేశానా?
— ఒక కొండరెడ్డి పెద్ద, వై.రామవరం మండలం

పెద్దాయనా, మీరు దిగులు పడకండి. నూరేళ్ల కిందట సముద్రం నడుమ ఇలాంటి కంచె వేసినవాళ్ల సంగతి చెబుతాను. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు పసిఫిక్‌లో సమోవా దీవులు రెండు పాలనల కింద ఉండేవి. న్యూజిలాండ్ ఏలుబడిలోని పడమటి సమోవాకు నవంబరు 7న ‘టాలూన్’ అనే ఓడ రోగులతో వచ్చింది. అధికారులు దాన్ని రేవులోకి రానిచ్చారు, కొద్ది వారాల్లో అక్కడి జనంలో ఐదోవంతుకు పైగా పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు జాన్ పోయర్ ఓడలను నిలిపేశాడు, తీరం పొడవునా స్థానికులే కాపలా కాశారు. అక్కడ ఆ రోగంతో ఒక్కరు కూడా చనిపోలేదు. ఒకే జాతి జనం, ఒకే రోగం, ఆ చివరా ఈ చివరా ఉన్న దీవులు! తమ అధికారులు అప్పుడు చేసిన పనికి న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో సమోవా ప్రజలకు క్షమాపణ చెప్పారు.

అయితే కంచెకు గుమ్మం ఉండాలి. ఏఎన్ఎంనూ, నొప్పులు పడుతున్న ఆడకూతురి డోలీనీ ఆపేసే కంచె ప్రాణం తీస్తుంది. బియ్యం బస్తా కంచె అవతల బండ మీద దించి, తెచ్చినవాళ్లు పదడుగులు వెనక్కి జరిగాక ఊరివాళ్లు వచ్చి ఎత్తుకుపోవడం మంచి పద్ధతి. పనికి వెళ్లి తిరిగొచ్చిన మీ పిల్లల్ని అప్పుడేం చేశారో మీరు రాయలేదు. ఊరి చివర పాక వేసి, పూటపూటా అన్నం పంపి, రెండు వారాలు అక్కడ ఉంచి ఉంటే అది మేం చెప్పే క్వారంటైనే. చెట్టుకింద వదిలేసి పొమ్మని ఉంటే మాత్రం కుర్రాళ్ల కోపానికి అర్థం ఉంది, వాళ్లతో కూర్చుని మాట్లాడండి.

* * *

బళ్లు, కాలేజీలు, సినిమా హాళ్లు మూస్తే నిజంగా తేడా ఉంటుందా? రోగం దాని దారిన అది పోదా? మా చదువు రెండేళ్లు పాడైంది, అందుకే అడుగుతున్నాను.
— డిగ్రీ విద్యార్థి, రంపచోడవరం

మీ చదువు పోయినందుకు కోపం రావడం సహజం తమ్ముడూ, ప్రశ్న కూడా సరైనదే. తేడా ఉంటుంది, కానీ ఎప్పుడు మూశారన్న దాన్ని బట్టి. 1918 సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియా నగరంలో ఫ్లూ మొదలయ్యాక కూడా యుద్ధ రుణాల ఊరేగింపు జరిపారు, దాదాపు రెండు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. సెయింట్ లూయిస్‌లో మాత్రం తొలి కేసులు కనబడిన కొన్నాళ్లకే బళ్లు, చర్చిలు, నాటకశాలలు మూసేశారు. రోగం ముదిరిన వారాన ఫిలడెల్ఫియాలో లక్షకు 257 మంది చనిపోతే, మూసివేత సాగినంతకాలం సెయింట్ లూయిస్‌లో ఆ సంఖ్య 31కి మించలేదు. తొందరపడి సడలించాక అక్కడా చావులు మళ్లీ పెరిగాయి. మీకు జరిగిన నష్టం వేరే సంగతి: సిగ్నలు లేని ఊళ్లో ఆన్‌లైన్ క్లాసు పెట్టి ‘పాఠం చెప్పాం’ అని రాసుకున్నవాళ్లు దానికి జవాబు చెప్పాలి.

* * *

నేను ఆశా కార్యకర్తను. జ్వరం ఉందా అని అడిగితే తలుపు వేసేసుకుంటారు. నీకు చెబితే తీసుకుపోతారు, మళ్లీ రానివ్వరు అంటారు. ఒకచోట చెయ్యి చేసుకున్నంత పని చేశారు. నా పనితనంలోనే లోపం ఉందేమో అనిపిస్తోంది.
— గంగవరం మండలం

చెల్లీ, లోపం మీలో లేదు. భయపెట్టి వెతికితే రోగి దొరకడని మన దేశం ఏనాడో చూసింది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టాక మరుసటి ఏడు తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. పుణేలో సైనికులు వంటిళ్ల దాకా దూరి సోదాలు చేస్తే జనం రోగుల్ని దాచేశారు, చివరికి ప్లేగు అధికారి రాండ్‌ను 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్చారు. 2020లో మనమూ ఆ చట్టాన్నే బయటికి తీశాం. మొదట్లో పాజిటివ్ వచ్చిన వాళ్లందరినీ అంబులెన్సులో ఎక్కించుకుపోవడం చూసిన ఊళ్లు ఆ దృశ్యాన్ని ఇంకా మరిచిపోలేదు.

కాబట్టి గడపలో అడుగుపెట్టగానే జ్వరం ఊసెత్తకండి. గొడ్డూ గోదా, పిల్లల సంగతి అడగండి. తేలికపాటి జబ్బయితే ఇంట్లోనే ఉండొచ్చు, ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు అని ముందే చెప్పండి, తర్వాత రిజిస్టరు తెరవండి. ఇక చెయ్యి చేసుకోవడం సంగతి: ఆ అంటువ్యాధుల చట్టాన్నే 2020 సెప్టెంబరులో సవరించారు. అంటువ్యాధి రోజుల్లో ఆరోగ్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. చెయ్యి లేచిన ఇంటికి ఒంటరిగా మాత్రం వెళ్లకండి, ఊరి పెద్దనో సచివాలయం వాళ్లనో వెంటబెట్టుకోండి.

* * *

చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు సంతలో అమ్మితేనే మాకు ఉప్పూ కారం. అప్పుడు సంత మూసేస్తే చింతపండు ఇంట్లోనే నల్లబడింది. ఊళ్లోకి వచ్చిన షావుకారు ఎంతిస్తే అంత పుచ్చుకున్నాం. మళ్లీ అలా అయితే రోగం కంటే ముందు ఆకలితో పోతాం.
— ఒక మహిళ, అడ్డతీగల మండలం

మీ భయం నూటికి నూరుపాళ్లూ నిజం అమ్మా. 2020 మార్చి 25న దేశమంతా తాళం పడింది, సరిగ్గా చింతపండు, ఇప్పపువ్వు చేతికొచ్చే రోజుల్లో. ఢిల్లీలో ఆ తేదీ ఖాయం చేసినవాళ్లకు అడవి పంచాంగం ఎవరూ చెప్పినట్టు లేదు. మే 1న కేంద్రం 49 రకాల అటవీ ఫలసాయాలకు మద్దతు ధర పెంచింది, మనిషికి నెలకు 5 కిలోల ఉచిత బియ్యం అంతకుముందే ప్రకటించింది. మంచిదే, కానీ మే నాటికి చింతపండు చాలామంది ఇళ్లు దాటిపోయింది. ఇంట్లో గింజలు ఉన్నవాడే ఇంటిపట్టున ఉండగలడు కనుక, బియ్యమూ గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనుగోలూ నా లెక్కలో మందుల జాబితాలోకే వస్తాయి.

ఈసారికి రెండు పనులు చేసి పెట్టుకోండి. చింతపండు గింజ తీసి, బాగా ఎండబెట్టి, ఉప్పు కలిపి కుండలో దట్టిస్తే నెలల తరబడి ఆగుతుంది, షావుకారు అడిగిన ధరకు తలవంచక్కర్లేదు. మరొకటి, గ్రామసభ జరిగినప్పుడు ఈ మాట రాయించండి: సంత మూయాల్సి వస్తే జీసీసీ తూకం మీ ఊరికే రావాలని. నన్నడిగితే ఆరుబయట జరిగే సంతను పూర్తిగా మూయడం కంటే, కొట్లు ఎడంగా పెట్టించి రెండు రోజులకు విడగొట్టడం మేలు.

* * *

మా అత్తకు కోయ మాట తప్ప రాదు. జీపులో మైకు పెట్టి తెలుగులో ఏదో చెప్పి వెళ్లిపోతారు. ఆమె ప్రతిసారీ పోలీసులేమో అని వణికిపోతుంది.
— చింతూరు

ఆమె వణుకులో వింతేమీ లేదు, మైకు మోగితే కీడని ఈ ప్రాంతం అనుభవం మీద నేర్చుకుంది. సొంత మాటలో చెబితే ఎంత తేడానో చూడండి. అమెరికాలో నవాహో అనే ఆదివాసీలకు 2020 మే నాటికి న్యూయార్కును మించిన తీవ్రతతో కరోనా సోకింది. వాళ్ల రేడియోలో వాళ్ల భాషలోనే, వాళ్ల పెద్దల నోటితోనే చెప్పడం సాగింది, మరుసటి ఏడాదికి టీకాల్లో దేశ సగటును దాటేశారు. మీ దగ్గర కోయ తెలిసిన టీచరో, కాలేజీ పిల్లో తప్పకుండా ఉంటారు. ఆరోగ్య కేంద్రం వాళ్లు చెప్పేది వాళ్ల గొంతుతో ఫోనులో రికార్డు చేయించి అత్తగారికి వినిపించండి.

* * *

మా తమ్ముడు నిరుడు పొలంలో కుప్పకూలి చనిపోయాడు, ముప్పై రెండేళ్లు. 2021లో వేసిన సూది వల్లేనని ఊరంతా అంటోంది. నేనూ రెండు సూదులు వేయించుకున్నాను. రాత్రిళ్లు గుండె మీద చెయ్యి వేసుకుని లెక్కపెట్టుకుంటున్నాను. మా పాపకు ఏ టీకా వేయించాలన్నా భయం.
— రాజవొమ్మంగి మండలం

మీ దుఃఖం పెద్దదమ్మా, ముందు దానికి తల వంచుతున్నాను. కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టడం చాలా అరుదుగా కొందరికి జరిగిన మాట నిజమే, దాన్ని దాచాల్సిన పనిలేదు. అయితే అది సూది పడిన కొద్ది వారాల్లోపే బయటపడుతుంది. ఇన్నేళ్లు గడిచాక మీకు ఆ ముప్పు లేదు. 18-45 ఏళ్లవారి హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ చేసి 2023లో ప్రకటించిన పరిశోధనలో టీకా వల్ల ముప్పు పెరిగినట్టు తేలలేదు. కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, అతిగా తాగడం, ఒంటిని బాగా కష్టపెట్టే బరువు పని చేయడం — ముప్పు పెంచినవి ఇవి. కుటుంబంలో ఒకరు ఇలా పోయారు కనుక మీరొకసారి బీపీ, సుగర్, ఈసీజీ చూపించుకోండి. ఛాతీ నొక్కేసినట్టయి చెమటలు పడితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

పాప టీకాలు ఆపకండి. సూది భయం మీ ఒక్కరిదే కాదు. 2021 జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా కరోనా టీకాలు వేశారు. పట్నంలో కేంద్రాల ముందు బారులు కడుతుంటే ఏజెన్సీ ఊళ్లలో సిబ్బందిని చూసి అడవిలోకి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట ఊరి పెద్ద తానే ముందు చొక్కా చెయ్యి పైకి మడిస్తే పని సగం అయిపోయినట్టే.

* * *

చాపరాయిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మాదీ అలాంటి ఊరే, రోడ్డు లేదు, ఫోను పలకదు. కొత్త రోగం వస్తే మేం పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదేమో.
— ఒక టీచరు, వై.రామవరం మండలం

మాస్టారూ, మీ భయాన్ని కొట్టిపారేయను. 2017 వేసవిలో చాపరాయిలో కొద్ది వారాల వ్యవధిలో 16 మంది కొండరెడ్లు కన్నుమూశారు. చావులు వరసగా జరుగుతున్నా కబురు కొండ దిగడానికి రోజులు పట్టింది. నీళ్లా, తిండా, మలేరియానా అన్న వాదన తర్వాత చాలా నడిచింది. మొదటి రెండు చావులప్పుడే రక్తపు చుక్క తీసి ఉంటే ఆ వాదనకు చోటుండేది కాదు. మహమ్మారిలోనూ ఇంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అత్యవసర పరిస్థితి ప్రకటించింది, మన దేశంలో తొలి కేసు కేరళలో బయటపడిందీ ఆ రోజే. జెనీవా నుంచి ఢిల్లీకి మాట చేరడానికి క్షణం చాలు, మీ ఊరి మాట వై.రామవరం చేరడమే కష్టం.

నేను నా సిబ్బందికి చెప్పే లెక్క మీకూ చెబుతాను. ఒకే ఊళ్లో వారం లోపల ఐదుగురికి ఒకే రకం జ్వరం వచ్చినా, కారణం తెలియకుండా ఇద్దరు చనిపోయినా ఆ పూటే కబురు రావాలి. సిగ్నలు అందే గుట్ట ఏదో మీకు తెలిసే ఉంటుంది. అక్కడికి పరుగెత్తే ఇద్దరు కుర్రాళ్లను ఇప్పుడే అనుకోండి, పీహెచ్‌సీ నంబరు బడి గోడ మీద పెద్దగా రాయించండి. కబురు తప్పని తేలినా ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. అంటే నాకు రాయండి.

* * *

ఆశ్రమ పాఠశాలలో మా బాబుకు జ్వరం. ఇంకా నలుగురికి ఉందట. ఇంటికి తెచ్చేసుకోమంటారా?
— దేవీపట్నం మండలం

కంగారు పడకండి, పిల్లలు ఒకేసారి జ్వరపడటం హాస్టళ్లలో జరిగేదే. అయినా ఐదుగురంటే పైన మాస్టారికి చెప్పిన లెక్కే, పీహెచ్‌సీకి కబురు చేయించండి. మన దగ్గర జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష, వేలి నుంచి చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అది చేశారా అని వార్డెన్‌ను అడగండి. బస్సులో ఇంటికి తెస్తే మందు ఆలస్యమవుతుంది, అంటురోగమైతే ఇంట్లో ముసలివాళ్లకు చేరుతుంది. పిల్లాడు మత్తుగా పడి ఉన్నా, ఊపిరి ఎగపోస్తున్నా, నీళ్లు కూడా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా అదే గంటలో ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం పిల్లలకు విడిగా గది, ఒక్కో మంచం, ఒక్కో దోమతెర ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి ఐటీడీఏలో అర్జీ ఇవ్వండి, ఒక్కరు ఇస్తే పక్కన పెడతారు.

* * *

అమ్మవారికి కోడిని కోస్తే రోగం పోతుందని నేనంటే మనవడు నవ్వుతాడు.
— ఒక అవ్వ, రంపచోడవరం మండలం

మనవణ్ణి నవ్వనివ్వండి అవ్వా. మీ చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టేవారు, ఆ గుమ్మంలోకి ఎవరూ పోయేవారు కాదు. అందులో చాలా తెలివి ఉంది. ఆ జబ్బు 1975 తర్వాత దేశంలో లేదు. కేసు ఎక్కడుందో ఊరివాళ్లు చెప్పారు, సర్కారు మనిషి చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ సూది వేశాడు, రెండూ కలిస్తేనే పోయింది. కోడిని కోసుకోండి. జాతరకు జ్వరం ఉన్నవాళ్లు మాత్రం రాకూడదని పూజారితో చెప్పించండి.

* * *

2021 మేలో నాన్న ఇంట్లోనే ఊపిరాడక పోయారు. రాజమండ్రి తీసుకెళ్తే బతికేవారేమో. పరీక్ష చేయించలేదు, కాగితం లేదు, పరిహారం రాలేదు. నేనే చంపుకున్నానని అనిపిస్తుంది.
— రంపచోడవరం

అమ్మా, ఆ మాట ఇక అనకండి. మే 16న ఒక్కరోజే రాష్ట్రంలో 24,171 కొత్త కేసులు వచ్చాయి. ఆ వారాల్లో పట్నాల్లో, ఆసుపత్రి గేటు ముందు నిలబడినవాళ్లకు కూడా మంచం, ఆక్సిజన్ దొరకలేదు. మీరు మీ చేతనైనంత చేశారు. అది చాలకపోవడానికి కారణం మీ ఇంట్లో లేదు. మీ నాన్నగారిలా లెక్కకెక్కని వాళ్లు ఎందరో: 2020, 2021 రెండేళ్లలో మన దేశంలో అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే, అప్పటికి సర్కారు లెక్క 5 లక్షల లోపే. కేంద్రం ఆ అంచనాను ఒప్పుకోలేదు. చావులు రాసుకోని చోటికి వచ్చే ఏడు ఆక్సిజన్ ప్లాంటు కూడా రాదు, నా పట్టుదలంతా అక్కడే.

50 వేల రూపాయల పరిహారానికి సుప్రీంకోర్టు 2022 మార్చిలో పెట్టిన గడువు దాటిపోయింది. తగిన కారణం ఉంటే ఆలస్యపు అర్జీని జిల్లా ఫిర్యాదుల కమిటీ చూడవచ్చని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. పరీక్ష కాగితం లేకుండా అది కష్టమని ముందే చెబుతున్నాను, ఆశలు పెంచను. మరణ నమోదు మాత్రం ఏడాది దాటినా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో చేయించుకోవచ్చు, అమ్మగారి పింఛనుకు, భూమి పట్టాకు అది కావాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం ఇన్నేళ్ల తర్వాతా ఉంటే ఏరియా ఆసుపత్రిలో చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

* * *

జీలుగు కల్లు అందరం ఒకే బుర్రలో తాగుతాం. రోగం అంటుకుంటుందా? కల్లుకు క్రిములు చస్తాయని మా మామ అంటాడు.
— ఒక యువకుడు, మారేడుమిల్లి మండలం

మామగారి మాట వినడానికి బాగుంది, కానీ కల్లుకు అంత ఘాటు లేదు. మామూలు రోజుల్లో భయం అక్కర్లేదు. ఊళ్లో దగ్గు జ్వరాలు తిరుగుతున్నప్పుడు మాత్రం ఎవరి అడ్డాకు దొప్ప వారిదే. మీరు అడగని సంగతి ఒకటి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు మూతి పెట్టిన పచ్చి ఈతరసం తాగి ఎందరో నిఫా అనే వైరస్ బారినపడ్డారు. 2018లో కేరళలోని కోళికోడ్‌లో వచ్చిందీ ఆ నిఫానే. బంగ్లాదేశ్‌లో కొందరు గీతగాళ్లు ముంత మూతికీ గీత గీసినచోటుకీ వెదురు చాప చుట్టి కడుతున్నారు. గబ్బిలం దగ్గరికి రాలేదు. వెదురు మీకు కొదవా, మామగారి చేత రేపే ఒకటి అల్లించండి.